అమెరికా హైస్కూల్లో తొమ్మిదో తరగతి ఫిజికల్ సైన్స్: కొత్తగా వస్తున్న మన టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూన్, జులై వచ్చేసరికి నా వాట్సాప్ మోగుతూనే ఉంటుంది. జె-1 వీసా మీద అమెరికా బడుల్లో సైన్స్ చెప్పడానికి వస్తున్న మన టీచర్లే అందరూ. "మేడమ్, నాకు నైన్త్ గ్రేడ్ ఫిజికల్ సైన్స్ ఇచ్చారు. పుస్తకం ఏది? సిలబస్ ఎక్కడ దొరుకుతుంది?" నేనూ ఒకప్పుడు ఇదే అడిగాను. గుంటూరు జిల్లాలో పదకొండేళ్లు ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు పీఎస్ చెప్పి వచ్చినదాన్ని. ఇక్కడ ఇది నా నాలుగో ఏడు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక, మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఫ్రెష్‌మెన్ అంటే ఎవరు? ఈ ఫిజికల్ సైన్స్ మన పీఎస్సేనా?

ఇక్కడ హైస్కూల్ అంటే 9 నుంచి 12 తరగతులు. మొదటి ఏడాది పిల్లల్ని ఫ్రెష్‌మెన్ అంటారు. వయసు 14, 15. మన ఇంజనీరింగ్ కాలేజీలో ఫ్రెషర్లకు ఉండే బెదురే వీళ్లకూ ఉంటుంది. నిన్నటిదాకా మిడిల్ స్కూల్లో అందరికంటే పెద్దవాళ్లు, ఇవాళ అందరికంటే చిన్నవాళ్లు.

ఫిజికల్ సైన్స్ అంటే మన పీఎస్ లాగే సగం భౌతికం, సగం రసాయనం. టెక్సస్‌లో దీన్నే ఇంటిగ్రేటెడ్ ఫిజిక్స్ అండ్ కెమిస్ట్రీ అంటారు. తేడా ఎక్కడంటే, మన దగ్గర పీఎస్ ఏడాదికో మెట్టు చొప్పున పదో తరగతి దాకా సాగుతుంది. ఇక్కడ ఇది ఒక ఏడాది కోర్సు, అంతటితో సరి. తర్వాత బయాలజీ ఒక ఏడాది, కావాలనుకుంటే కెమిస్ట్రీ ఒక ఏడాది. ఫిజిక్స్ తీసుకోకుండానే హైస్కూల్ పూర్తిచేసే పిల్లలు బోలెడుమంది. అంటే మీ క్లాసులో కూర్చున్న కొందరికి న్యూటన్ నియమాలు పద్ధతిగా వినే అవకాశం ఇదే ఆఖరు కావచ్చు. ప్లాన్ వేసేటప్పుడు నేను దీన్ని మనసులో పెట్టుకుంటాను.

సిలబస్ ఎక్కడ దొరుకుతుంది?

మనం అనుకునే అర్థంలో సిలబస్ ఉండదు. ఉండేవి స్టాండర్డ్స్. 2012లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక ఫ్రేమ్‌వర్క్ ప్రచురించింది. దాని ఆధారంగా 2013లో నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్ వచ్చాయి. కొన్ని రాష్ట్రాలు వాటిని ఉన్నవి ఉన్నట్టు తీసుకున్నాయి, చాలా రాష్ట్రాలు కొంత మార్చుకున్నాయి. టెక్సస్, ఫ్లోరిడా లాంటివి సొంత స్టాండర్డ్స్ పెట్టుకున్నాయి. కాబట్టి ఉద్యోగం ఏ రాష్ట్రంలో వచ్చిందో తెలియగానే మొదట ఆ రాష్ట్ర విద్యాశాఖ సైట్‌కి వెళ్లండి.

వాటిని చదివితే మొదట్లో చిరాకు వస్తుంది. "న్యూటన్ రెండో నియమం: నిర్వచనం, ఉదాహరణలు, లెక్కలు" అని ఎక్కడా రాసి ఉండదు. విద్యార్థి దత్తాంశాన్ని విశ్లేషించి, వస్తువు మీద పనిచేసే నికర బలానికీ దాని ద్రవ్యరాశికీ త్వరణానికీ ఉన్న సంబంధాన్ని సమర్థించగలగాలి అన్న ధోరణిలో ఉంటుంది. పిల్లాడు ఏం చదవాలో కాదు, చివరికి ఏం చేసి చూపించాలో చెబుతుందన్నమాట. పాఠ్యాంశంతో పాటు సైంటిస్టులు చేసే పనులు ఎనిమిది, అన్ని శాస్త్రాల్లోనూ కనిపించే భావనలు ఏడు పెట్టారు. ఈ మూడూ కలిసి నడవాలని వాళ్ల ఉద్దేశం. హైస్కూల్ ఫిజికల్ సైన్స్ భాగంలో పెద్ద శీర్షికలు నాలుగే: పదార్థం, బలాలు–చలనం, శక్తి, తరంగాలు.

స్కూల్లో అడుగుపెట్టగానే అడగాల్సినవి మూడు ఉన్నాయి. జిల్లా (ఇక్కడ జిల్లా అంటే కొన్ని బడులను కలిపి నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) పేసింగ్ గైడ్, అంటే ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో చూపే కాగితం, ఉందా? ఏడాది చివర రాష్ట్రం పెట్టే పరీక్ష ఉందా? ఇదే కోర్సు చెబుతున్న టీచర్ ఇంకెవరైనా ఉన్నారా? మూడోదానికి అవునని జవాబు వస్తే మీరు అదృష్టవంతులు. టీ కాదు, కాఫీ తీసుకెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి.

ఏడాదికి ఎన్ని రోజులు దొరుకుతాయి?

కాగితం మీద చాలా రాష్ట్రాల్లో 180. నిజంగా పాఠం నడిచే రోజులు నా లెక్కలో 145 దాటవు. మొదటి వారం షెడ్యూళ్లు మారుతూనే ఉంటాయి. ఫైర్ డ్రిల్, లాక్‌డౌన్ డ్రిల్ (ఎవరైనా చొరబడితే తలుపులేసుకుని దాక్కునే సాధన), హోమ్‌కమింగ్ వారం (పాత విద్యార్థులు వచ్చే సంబరాలు), మంచు పడితే సెలవు, పరీక్షల వారాలు, సగం పూట సెలవులు ఇవన్నీ పోవాలి. మొదటి ఏడాది నేను 180కి ప్లాన్ వేసి, ఏప్రిల్‌లో తరంగాల మొత్తాన్నీ నాలుగు రోజుల్లో ముగించాను. ముగించాను అనడం కూడా గొప్పే.

పీరియడ్ 45–50 నిమిషాలా, 90 నిమిషాల బ్లాకా అన్నది కూడా ముందే కనుక్కోండి. బ్లాక్ అయితే ల్యాబ్‌కి చాలా హాయి. కానీ 90 నిమిషాలు మీరొక్కరే మాట్లాడితే ఇరవయ్యో నిమిషానికి సగం క్లాసు టేబుళ్ల మీద తలవాల్చేస్తుంది. ఇరవై నిమిషాలకు మించి ఒకే పని వద్దు.

భౌతికం ముందా, రసాయనం ముందా?

ఈ ప్రశ్న మీద ఇక్కడ టీచర్ల గదుల్లో దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. 1988లో నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త లియాన్ లెడర్‌మాన్ "ముందు ఫిజిక్స్, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత బయాలజీ" అని గట్టిగా ప్రచారం చేశాడు. పరమాణువు అర్థం కావాలంటే బలం, శక్తి తెలియాలి, జీవకణం అర్థం కావాలంటే పరమాణువు తెలియాలి అని ఆయన వాదన. ఫిజికల్ సైన్స్ కోర్సు లోపల కూడా ఇదే తగవు ఉంటుంది.

నేను మొదటి ఏడాది మన అలవాటు ప్రకారం పరమాణు నిర్మాణంతో మొదలుపెట్టాను. ఆగస్టు రెండో వారంలోనే ప్రోటాన్లు, న్యూట్రాన్లు, కర్పరాలు. పిల్లలు బొమ్మలు చక్కగా వేశారు, రంగులద్దారు. అక్టోబర్‌లో ఒక పిల్ల లేచి "మిస్, ఇవన్నీ ఉన్నాయని మనకెలా తెలుసు?" అంది. నా దగ్గర మంచి జవాబు లేదు. పుస్తకంలో ఉంది కాబట్టి అన్నట్టు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ రాత్రి ప్లాన్ మొత్తం చింపేశాను.

ఇప్పుడు చేత్తో పట్టుకోగలిగినవీ కొలవగలిగినవీ ముందు, కంటికి కనపడనివి చివర. పదార్థ గుణాలు, సాంద్రత, మిశ్రమాలను వేరుచేయడం ఐదు వారాలు. చలనం ఐదు, బలాలు ఐదు. దాంతో మొదటి సెమిస్టర్ అయిపోతుంది. రెండో సెమిస్టర్‌లో శక్తి నాలుగు వారాలు, విద్యుత్తు మూడు, తరంగాలు మూడు, పరమాణువు–ఆవర్తన పట్టిక నాలుగు, రసాయన చర్యలు నాలుగు. మొత్తం 33 వారాలు. మిగిలిన మూడు వారాల మీద చెయ్యి పడనివ్వను, ఎందుకంటే అవి తమంతట తామే కరిగిపోతాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఎక్కువమంది ఫ్రెష్‌మెన్ అదే ఏడాది ఆల్జీబ్రా-1 చదువుతుంటారు. వాళ్ల లెక్కల టీచర్ వాలు చెప్పే రోజులకు మనం చలనం గ్రాఫుల్లో ఉంటాం. లెక్కల టీచర్‌తో ముందే మాట్లాడుకోండి. మీ జిల్లా పేసింగ్ గైడ్ వేరే వరుస చెబితే మాత్రం దాన్నే పాటించాలి, కొత్తలోనే తగవు పెట్టుకోవద్దు.

మొదటి వారం ఏం చేయించాలి?

శాస్త్రీయ పద్ధతి మీద పోస్టర్, సేఫ్టీ మీద వారం రోజుల ఉపన్యాసం వద్దు. రెండో రోజే చేతికి ఏదైనా ఇవ్వండి. నేను పెన్నీలు, అంటే ఇక్కడి ఒక సెంటు నాణేలు ఇస్తాను.

అమెరికా పెన్నీ 1982లో మారింది. అంతకుముందు 95 శాతం రాగి, బరువు 3.11 గ్రాములు. ఆ ఏడాది జింకుకు మార్చి పైన పల్చటి రాగిపూత వేశారు, బరువు 2.5 గ్రాములు. కంటికి రెండూ ఒకటే. ఒక్కో గ్రూపుకు 25 పాతవి, 25 కొత్తవి కలిపి ఇస్తాను. ఇవి రెండు రకాలని చెప్పను. "ఒక్కొక్కటీ తూచి గ్రాఫు వేయండి" అంటాను, అంతే. పావుగంటలో ఏదో ఒక గ్రూపు నుంచి "మిస్, మా త్రాసు పాడైంది" అని కేక వస్తుంది. త్రాసు పాడవలేదు. చుక్కలు రెండు గుంపులుగా పడుతున్నాయి. ఎందుకో వాళ్లే వెతకాలి. ఎవరో ఒకరు నాణెం మీద సంవత్సరం చూస్తారు. అప్పుడు ఆ గదిలో వినిపించే గోల నాకు చాలా ఇష్టం.

మర్నాడు కొలజాడీలో నీళ్లు పోసి 25 పాత పెన్నీలు వేయిస్తాను. నీళ్లు 9 మి.లీ.కి కాస్త అటూ ఇటుగా పెరుగుతాయి. 25 కొత్తవి వేసినా దాదాపు అంతే. కానీ ఒక గుట్ట బరువు 78 గ్రాములకు దగ్గర, రెండోది 62.5. అంతే ఘనపరిమాణం, వేరే ద్రవ్యరాశి. సాంద్రత అన్న మాట అప్పటిదాకా బోర్డు మీద రాయను. పేరు తెలియని దాన్ని వాళ్లు చూసేశాక పేరు చెబితే, మళ్లీ నిర్వచనం బట్టీ పట్టించక్కర్లేదు.

2025 నవంబర్‌లో చలామణీ కోసం పెన్నీలు ముద్రించడం ఆపేశారు. ఇప్పుడే ఒక డబ్బా నింపి పెట్టుకోండి. 1982 నాటివి మాత్రం పక్కకు తీసేయండి, ఆ ఏడాది రెండు రకాలూ వచ్చాయి. లేదా ఒకటి రెండు కావాలనే ఉంచండి. నేను ఉంచుతాను.

ఇంకో రోజు నీళ్ల తొట్టిలో మామూలు కోక్ క్యాన్, డైట్ కోక్ క్యాన్ వేస్తే మామూలుది మునుగుతుంది, డైట్‌ది తేలుతుంది. 355 మి.లీ. డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉందని లేబుల్ మీదే ఉంటుంది. ఇది ఐదు నిమిషాల పనే, కానీ ఇంటికెళ్లి అమ్మకు చెప్పే పాఠం ఇదే.

పిల్లలకు లెక్కలు రావు. ఏం చేయాలి?

వస్తాయి. అందరికీ ఒకేలా రావు. మన దగ్గర ఎనిమిదో తరగతి పిల్లాడు సూత్రాన్ని అటూ ఇటూ మార్చగలడు, అర్థం కాకపోయినా సరే. ఇక్కడి పిల్లాడికి అర్థమై ఉండొచ్చు, కానీ భాగహారం ఎటువైపు చేయాలో తడబడతాడు. దీనికి ఇక్కడ చాలామంది త్రిభుజం గీసి, సూత్రంలోని మూడు అక్షరాలు అందులో రాసి, కావలసిన అక్షరం మీద వేలు పెట్టి మూయమంటారు. పరీక్షకు పనికొస్తుంది. నాకు నచ్చదు. మూడు అక్షరాలు దాటిన సూత్రం రాగానే త్రిభుజం చేతులెత్తేస్తుంది.

నేను "ఒక్కోదానికి ఎంత" అని అడుగుతాను. ఒక్కో మి.లీ.కి ఎన్ని గ్రాములు? ఒక్కో సెకనుకు ఎన్ని మీటర్లు? ఒక్కో కిలోకు ఎన్ని న్యూటన్లు? సాంద్రత, వడి, గురుత్వం మూడూ ఒకే ఆలోచన, మూడూ గ్రాఫులో వాలే. చలనం యూనిట్‌లో పిల్లల్ని అమెరికన్ ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి తీసుకెళ్తాను. అక్కడ ప్రతి 10 గజాలకూ అంకె రాసే ఉంటుంది. ఒక్కో గీత దగ్గర ఒక పిల్లాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతాడు, ఒకరు నడుస్తారు, ఇంకొకరు పరిగెడతారు. తిరిగొచ్చాక వేసిన గ్రాఫులో నిటారుగా ఉన్న గీత ఎవరిదో చెప్పడానికి సూత్రం అక్కర్లేదు. బడిలో ఫోన్ నిషేధం ఉంటే పీఈ టీచర్ దగ్గర స్టాప్‌వాచ్‌లు అడగండి.

అంగుళాలు, పౌండ్లు, ఫారన్‌హీట్‌తో ఎలా వేగాలి?

పిల్లలతో కంటే ముందు మీకే కష్టం. 38 డిగ్రీల జ్వరం అంటే వాళ్లు చలికోటు గురించి ఆలోచిస్తారు. సైన్స్ క్లాసులో ఇక్కడా మెట్రిక్కే వాడతారు కాబట్టి భయం లేదు. కానీ మార్పిడి లెక్కల మీద రెండు వారాలు తగలేయొద్దు. ఒక కిలో ఎంత ఉంటుందో చేత్తో ఎత్తి చూడనివ్వండి, ఒక మీటరు తమ ఒంటి మీద ఎక్కడిదాకా వస్తుందో చూసుకోనివ్వండి. ఎందుకు ఇదంతా అని అడిగితే 1999 సెప్టెంబర్‌లో పోయిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ చెప్పండి. భూమ్మీద ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో లెక్క ఇస్తే, అది న్యూటన్లలో ఉందనుకుని రెండోది తీసుకుంది. వ్యోమనౌక దక్కలేదు.

ఏవి వదిలేయాలి?

నన్నడిగితే ప్లానింగ్‌లో అసలు పని ఇదే, మనవాళ్లకు బాగా కష్టమైనదీ ఇదే. సిలబస్ పూర్తిచేయడం మన రక్తంలో ఉంది. జనవరిలో పోర్షన్ ఎక్కడుందో హెడ్మాస్టర్‌కి చెప్పుకున్న అలవాటు అంత తేలిగ్గా పోదు.

నేను వదిలేసినవి: ఎలక్ట్రాన్ విన్యాసం (పదో తరగతి చెప్పినవాళ్లకు ఇక్కడ చేతులు ఊరుకోవు, తెలుసు), మోల్ లెక్కలు, కటక సూత్రం, ప్రక్షేపక చలనం, సార్థక అంకెల నియమాలు, పెద్ద పెద్ద సమ్మేళనాల పేర్లు. ఇవన్నీ తర్వాతి కోర్సుల్లో వస్తాయి. రసాయన సమీకరణాలను తుల్యం చేయడం ఉంచాను, కానీ అరవై సమస్యల వర్క్‌షీటు తీసేశాను. చర్యకు ముందు ఎన్ని పరమాణువులు ఉన్నాయో తర్వాతా అన్నే ఉన్నాయని బటన్లతో పేర్చి చూపించగలిగితే చాలు.

ఆవర్తన పట్టికను బట్టీ పట్టించను. మూలకాల గుణాలు రాసిన కార్డులిచ్చి పేర్చమంటాను, రెండు మూడు కార్డులు కావాలనే దాచేస్తాను. 1869లో మెండలీవ్‌కి ఉన్న చిక్కు ఇంచుమించు ఇదే. ఆయన ఖాళీ వదిలిన చోట 1875లో గాలియం వచ్చి కూర్చుంది. పిల్లలు తాము వదిలిన ఖాళీలో ఏముండాలో ఊహించి రాసి, తర్వాత దాచిన కార్డుతో పోల్చుకుంటారు.

వదలకూడనిది గతిజ శక్తి. ఈ వయసు పిల్లలంతా లెర్నర్స్ పర్మిట్ (కారు నేర్చుకోవడానికి ఇచ్చే లైసెన్సు) కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. గంటకు 30 మైళ్ల నుంచి 60కి వెళ్తే వడి రెట్టింపు, గతిజ శక్తి నాలుగు రెట్లు, కాబట్టి అదే బ్రేకుతో కారు ఆగడానికి పట్టే దూరమూ నాలుగు రెట్లు. ఈ ఒక్క పాఠాన్ని పార్కింగ్ లాట్‌లో సుద్దతో దూరాలు గీసి చెబుతాను. వాళ్లు నవ్వకుండా వినే పాఠాలు తక్కువ, అందులో ఇది ఒకటి.

ప్రయోగం చేస్తే తప్పు ఫలితం వచ్చింది. పరువు పోయింది. ఏం చేయాలి?

నాకూ పోయింది. ద్రవ్య నిత్యత్వ నియమం చూపించడానికి జిప్ బ్యాగులో వెనిగర్, వంటసోడా పెట్టి మూసి, ముందూ తర్వాతా తూచమన్నాను. గాలి చొరబడకుండా మూసిన బ్యాగే. అయినా ప్రతి గ్రూపుకూ ఒక గ్రాము వరకూ తగ్గింది. "ద్రవ్యరాశి నశించును" అని ఇరవై ఎనిమిది మంది రాసిచ్చారు.

బ్యాగు లీకవలేదు. ఉబ్బింది. ఉబ్బిన ప్రతి లీటరుకూ అది పక్కకు నెట్టిన గాలి 1.2 గ్రాములు. నీళ్లలో వస్తువు తేలికైనట్టే గాలిలో బ్యాగు తేలికైంది, త్రాసు అంత తక్కువ చూపించింది. ఉబ్బని పాత్ర వాడాలి. అర లీటరు సోడా సీసా తీసుకుని, వంటసోడా ఒక గ్రాముకు మించకుండా వేసి, మూత గట్టిగా బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని చేస్తే బరువు మారదు. తర్వాత మూత తీసి మళ్లీ తూస్తే గ్యాసు పోయినంత తగ్గుతుంది. ఇప్పుడు నేను రెండూ చేయిస్తాను, ముందు బ్యాగు, తర్వాత సీసా. తేడా ఎందుకో చెప్పగలిగిన పిల్లలకు నియమం మీద నాకంటే గట్టి నమ్మకం ఉంటుంది.

ఏ ప్రయోగమైనా ముందురోజు మీరొకసారి చేసి చూడండి. ఈ మాట అందరూ చెబుతారు, ఎవరూ చేయరు.

ల్యాబ్ సామగ్రికి డబ్బు లేదంటున్నారు.

పెద్ద ఖర్చు అక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో బాత్రూమ్ గోడలకు వేసే తెల్లటి నున్నటి షీటు దొరుకుతుంది. 4 అడుగులకు 8 అడుగులది ఒకటి కొంటే 24 బై 32 అంగుళాల వైట్‌బోర్డులు ఆరు వస్తాయి, షాపులోనే కోసిస్తారేమో అడగండి. గ్రూపుకొకటి ఇచ్చి, గ్రాఫు, వివరణ దాని మీద రాసి అందరికీ చూపించి వాదించమంటాను. నా కోర్సులో నిజమైన పాఠ్యపుస్తకం ఆ బోర్డులే.

విద్యుత్ వలయాలకు, శక్తికి ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాలు, ఉచితం. 2001లో నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ వీటిని 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టాడు. స్పానిష్‌లో కూడా ఉంటాయి, అది చాలా అవసరం పడుతుంది. అయితే చేత్తో బల్బు వెలిగించిన తర్వాతే సిమ్యులేషన్. తెర మీద అన్ని బల్బులూ ఒకేలా వెలుగుతాయి. చేతిలో ఉన్నది వెలగకపోతే ఎందుకు వెలగలేదో వెతకాలి.

చంద్రుడి మీద 1971లో వ్యోమగామి డేవిడ్ స్కాట్ సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలిన నాసా వీడియో కూడా ఉచితమే.

సేఫ్టీ విషయంలో మన దగ్గరకూ ఇక్కడికీ తేడా ఏమిటి?

చాలా ఉంది, ఇందులో ఇక్కడివాళ్లదే రైటు. మన ల్యాబుల్లో సారాయి దీపం మామూలు. ఇక్కడ హాట్ ప్లేటు వాడండి. పాదరసం థర్మామీటర్ బీరువా వెనకాల కనిపిస్తే ముట్టుకోకుండా ఆఫీసులో చెప్పండి. కళ్లద్దాల మీద జెడ్ 87.1 అన్న ప్రమాణం ముద్ర ఉండాలి. మిథనాల్ పోసి లవణాలతో రంగురంగుల మంటలు చూపించే డెమో అస్సలు వద్దు. దానివల్ల అమెరికా క్లాసుల్లో పిల్లలు తీవ్రంగా కాలిపోయారు, కెమికల్ సేఫ్టీ బోర్డు ప్రత్యేకంగా హెచ్చరించింది. రంగులే చూపించాలంటే లవణ ద్రావణంలో నానబెట్టిన పుల్లల్ని బర్నర్ మంటలో పెట్టొచ్చు. సేఫ్టీ ఒప్పందం మీద విద్యార్థి, తల్లి లేదా తండ్రి సంతకం లేనిదే ల్యాబులోకి రానివ్వకండి.

ఐఈపీ, 504 అంటే ఏమిటి? ప్లాన్‌లో ఎక్కడ పెట్టాలి?

ఐఈపీ అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చట్టం ప్రకారం రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక. దీని మూలం 1975 నాటి చట్టం. 504 అనేది 1973 పునరావాస చట్టంలోని సెక్షన్, సర్దుబాట్లకు సంబంధించింది. ఎక్కువ సమయం ఇవ్వాలి, ముందు వరుసలో కూర్చోబెట్టాలి, ప్రశ్న చదివి వినిపించాలి అని రాసి ఉంటే అలా చేసి తీరాలి. "అందరితో పాటే వాడూనూ" అంటే కుదరదు.

స్కూలు మొదలవకముందే జాబితా తెచ్చుకోండి. నేను ఒక పని చేస్తాను. ఆ జాబితాలో ఎక్కువమందికి రాసి ఉన్న సర్దుబాటును క్లాసు మొత్తానికీ ఇచ్చేస్తాను. సూచనలు బోర్డు మీద కూడా రాయడం, సగం పూర్తయిన నోట్సు ఇవ్వడం, ల్యాబు అడుగుల్ని బొమ్మలతో పెట్టడం. ఇంగ్లీషు అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకూ ఇదే ఉపయోగం. కొత్త మాట ముందు కాకుండా అనుభవం ముందు రావాలని నేను పట్టుబట్టేది కూడా సగం వాళ్ల కోసమే. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు ఆ అవస్థ తెలుసు.

మార్కులు ఎలా వేయాలి? ఎఫ్ (ఫెయిల్ గ్రేడు) ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, కానీ చివరి వారంలో ఇవ్వకండి. తొమ్మిదో తరగతిలో ఎఫ్ అంటే క్రెడిట్ పోతుంది, అంటే ఆ కోర్సు పూర్తయినట్టు లెక్కలోకి రాదు. మన దగ్గర ఫెయిలైతే సప్లిమెంటరీ ఉంటుంది, ఇక్కడ సాధారణంగా కోర్సే మళ్లీ కూర్చోవాలి. షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో చూపించింది ఏమిటంటే, ఫ్రెష్‌మన్ ఏడాదిలో క్రెడిట్లు సరిగా తెచ్చుకున్న పిల్లలు నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తిచేసే అవకాశం, అలా తెచ్చుకోని పిల్లల కంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువ. అందుకే ఆరో వారానికే వెనకబడ్డ పిల్లల పేర్లు రాసుకుని ఇంటికి ఫోన్ చేయండి. మొదటి ఫోన్ మాత్రం ఏదైనా మంచి మాట చెప్పడానికి చేయండి, రెండోది తేలికవుతుంది.

ల్యాబు పనికి, చిన్న క్విజ్‌లకు, యూనిట్ పరీక్షకు ఎంతెంత అన్నది స్కూలు విధానం చూసి పెట్టుకోండి. మళ్లీ రాసే అవకాశం ఇవ్వండి.

మేం తెలుగు తల్లిదండ్రులం. మా అబ్బాయికి ఆనర్స్ (పై స్థాయి) బయాలజీ కాకుండా ఫిజికల్ సైన్స్ వేశారు. వెనకబడిపోతాడా?

ఈ టెన్షన్ డల్లస్ నుంచి న్యూజెర్సీ దాకా వింటూనే ఉన్నాను. కొన్ని స్కూళ్లలో లెక్కల్లో ముందున్నవాళ్లను నేరుగా బయాలజీలో వేస్తారు, నిజమే. ఫిజికల్ సైన్స్ తీసుకుంటే పై సైన్స్ కోర్సుల దారి మూసుకుపోదు. కోర్సులు ఎంచుకోవడంలో సాయపడే స్కూల్ కౌన్సిలర్‌ని అడగాల్సింది ఒకటే: ఈ వరుసలో వెళ్తే పన్నెండో తరగతి లోపు కెమిస్ట్రీ, ఫిజిక్స్ రెండూ పడతాయా? పడతాయంటే వదిలేయండి. ఎదురింటి వాళ్లమ్మాయి ఏం తీసుకుందో కౌన్సిలర్‌కి చెప్పనక్కర్లేదు.

మన ఇంగ్లీషుతో ఇబ్బంది ఉంటుందా?

రెండు వారాలు. పిల్లాడికి ప్రశ్న ఉంటే "డౌట్" అనకండి, వాళ్లకది అపనమ్మకంలా వినిపిస్తుంది. రబ్బర్ అనకండి, ఎరేజర్ అనండి. టార్చ్ కాదు, ఫ్లాష్‌లైట్. లక్షలు, కోట్లు మర్చిపోండి. జెడ్ (Z) అక్షరాన్ని ఇక్కడ "జీ" (zee) అంటారు, మన చెవికి G లాగే వినిపిస్తుంది, అక్షరాలతో చుక్కలకు పేర్లు పెట్టేటప్పుడు జాగ్రత్త.

సెలవు పెడితే క్లాసు ఏమవుతుంది?

సబ్‌స్టిట్యూట్ వస్తారు. ఆయనకు సైన్స్ వచ్చి ఉండకపోవచ్చు, కాబట్టి ల్యాబు పెట్టకండి. ఏ యూనిట్‌కైనా సరిపోయే మూడు రోజుల ప్లాన్ ప్రింట్ తీసి ఆగస్టులోనే ఎర్ర ఫోల్డర్‌లో పెట్టుకోండి. సీటింగ్ చార్టు, ఐఈపీ సర్దుబాట్లలో ఆయనకు తెలియాల్సినవి, ఏ పిల్లలు సాయం చేస్తారో పేర్లు. నా ఫోల్డర్ టేబుల్ సొరుగులో పైనే ఉంటుంది. పోయిన ఫిబ్రవరిలో ఫ్లూ వచ్చి పడుకున్నప్పుడు తెల్లవారుజామున ఐదింటికి లేచి ప్లాన్ టైప్ చేయాల్సిన పని పడలేదు.